కంబళి మీద మాట

అత్తిమంజేరిపేటలో కంబళ్లు నేసే ముసలాయన ఇంటికొచ్చినవాళ్లను తన పాత కంబళి మీదే కూర్చోబెట్టేవాడు. దాని మీద కూర్చొని అబద్ధమాడితే మందలో గొర్రె నిలవదని గొర్రెలు కాసే కురుబల నమ్మకం. అందుకే బేరమంటే మాత్రం కొనేవాడూ తనూ ఇద్దరూ నేల మీదికి దిగేవారు. యుద్ధకాలంలో ఒకనాడు, తిరుత్తణిలో రైల్వే కూలికి పోయే చుట్టమొకడు కొడుకు పెండ్లికి కంబళి కావాలని వచ్చాడు.

"ఆ కొత్తది ఎంత మామా?"

"దిగు అల్లుడా, చెప్తా."

ఇద్దరూ దిగారు.

"పన్నెండు రూపాయలు."

"అమ్మో! అరక్కోణంలో మిల్లు రగ్గు మూడుకే ఇస్తా ఉండారే."

"ఉన్ని యాడుంది? మిలిటరీకని కాంట్రాక్టరు దాన్ని గొర్రెల మీద ఉండంగానే కొనేస్తా ఉండాడు."

"నా కాడ ఎనిమిదే ఉండాది మామా."

"సరే, తీసుకో. ఇంక పైకి రా."

మళ్లీ ఇద్దరూ కంబళి మీద కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పు. ఆ రగ్గే ఎందుకు కొనలే?"

"కొన్నా మామా. పిల్ల నాయన ఒప్పుకోలే. మిల్లుదాని మీద కూర్చోని ఇచ్చిన మాట ఒక మాటేనా అన్నాడు. అచ్చం గొర్రె ఉన్నిది పరిస్తేనే పిల్లనిస్తాడంట."

"సరిగ్గానే అన్నాడు."

"ఇది అంతా ఉన్నే గదా మామా? మిల్లు నూలు కలపలేదు గదా?"

ముసలాయన కొత్త కంబళి అంచును కాసేపు నిమిరాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులూని లేచి, మెల్లగా నేల మీదికి దిగాడు.

"అంతా ఉన్నే అల్లుడా" అన్నాడు.