ఇరవై ఒక్కేళ్ళు కలిపితే

రాజమండ్రిలో కొత్తగా పెట్టిన కంప్యూటరు క్లాసు నుంచి వచ్చిన కొడుక్కి పెసరట్టు వేస్తూ ఆమె ఆరా తీసింది.

"ఇవాళేం నేర్పార్రా?"

"తేదీకి కొన్నాళ్ళు కలిపితే ఏ తేదీ వస్తుందో చెప్పే ప్రోగ్రామమ్మా. మేడమ్ నా పుట్టినరోజుకి ఇరవై ఒక్కేళ్ళు కలపమన్నారు."

"అందరికీ ఇరవై ఒకటేనా?"

"మిగతావాళ్ళకి నెలలూ, వారాలూ ఇచ్చారు."

మగపిల్లాడు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకోవాలంటే ఇరవై ఒకటి నిండాలని ఆమెకి తెలుసు. అట్లకాడ చేతిలోనే ఆగిపోయింది.

"ఆవిడకి పెళ్ళయిందా?"

"ఇంకా లేదమ్మా."

"మిషను ఏ రోజని చెప్పింది?"

"వచ్చే శుక్రవారం."

"అయితే శుక్రవారం క్లాసు మానెయ్యి. ఇంట్లోనే ఉండు, తలంటి పోస్తాను."

కొడుకు కంచంలోంచి తలెత్తలేదు.

"ఆ రోజు క్లాసే లేదమ్మా. మేడమ్ సెలవు పెట్టారు."