గోడవతల రౌటర్

పోయిన నెల పిడుగుకి ఇంట్లో కంప్యూటర్ మాడిపోయింది. కొత్తది కొన్నా, అదీ పోతుందేమోనన్న భయంతో ఆ ఇంటి అమ్మాయి కొండ దిగి సాలూరులో కంప్యూటర్ల కొట్టుకి వచ్చింది.

కొట్టాయన ఒక పెట్టె తీసి చూపించాడు. “ఈ రౌటర్ తీసుకోమ్మా. లోపల డిస్కుంటాది. కంప్యూటర్లో ఉన్నదంతా వైఫై మీద దానంతటదే కాపీ సేసి దాసుకుంటాది.”

“మళ్లీ పిడుగు పడితే రెండూ ఒక్కసారే పోవా అన్నా?”

“ఒకే ఇంట్లో ఉంటే పోతాయి మరి.”

“గోడవతలింట్లో పెడితే సిగ్నల్ అందుతాదా?”

“అందుతాది. ఎవరిదా ఇల్లు?”

“మా మేనత్తది. అమ్మకీ ఆవిడకీ మాటల్లేవు.”

“మరి పెట్టనిస్తాదేటి?”

“మా ఊళ్లో విత్తనమంతా ఒక్కింట్లోనే దాసరు, అన్నా. నిప్పంటుకుంటే ఏటీ మిగలదు కదా. సగం వేరే ఇంట్లో దాయమని ఇస్తారు. ఎంత కోపమున్నా, విత్తనం దాయమని తెస్తే ఎవరూ కాదనరు.”

“ఇది విత్తనం కాదు కదమ్మా. ఇంతకీ ఏటుంది కంప్యూటర్లో?”

“విత్తనాలు జల్లినప్పుడు అమ్మ పాడే పాటలు. రికార్డు సేసినవన్నీ పిడుగుకి పోనాయి. అమ్మ మళ్లీ పాడతంది.”

“మీ అత్తకి ఆ సంగతి సెప్తావా?”

ఆమె రౌటర్ పెట్టెను ఒడిలోకి తీసుకుంది.

“ముందు అదే సెప్తాను. అమ్మ కోడలిగా వచ్చిన కొత్తలో ఆ పాటలన్నీ నేర్పింది అత్తే.”