కత్తెర కబురు

పోర్ట్ బ్లెయిర్ అంచున గరాచర్మలో చిన్నమ్మి ఇల్లు. ఆస్పత్రి ల్యాబులో పనిచేసే ఆ చెల్లెలి ముందు, తుఫానుకైనా తల వంచని జాలరి జోగులు తల వంచుకుని కూర్చున్నాడు.

“మళ్ళీ చెప్పు. హెచ్ఐవీ మాత్రలు ఏం చేశావు?”

“ఏటి సేత్తాను... గంగమ్మకి ఇచ్చేసినాను.”

“సముద్రంలో పారేశావా!”

“పారేసినానని అనకు. మొక్కు. ఈ రోగాన్ని పీకేసే మందు దొరికిన్నాడు మాత్రలన్నీ తల్లికే ఇచ్చేత్తానని మొక్కినాను. దొరికిందని నువ్వే కదేటి సెప్పినావు?”

“నేనా? ఎప్పుడు?”

“పున్నం నాడు. నేను వల బాగుసేత్తంటే పక్కన కూకుని సెప్పినావు. పురుగు మన జీనులో దూరి కూకుంటాదని, సెడిపోయిన వల కన్ను కోసేసి మళ్ళీ అల్లినట్టు, దాన్ని కత్తెరేసి కోసేత్తన్నారనీ.”

“ఎలకల్లో అన్నా! ఎలకల్లో కోశారన్నాను!”

“ఎలక్కి తగ్గింది మనిషికి తగ్గదేటి?”

“ఎలకల్లోనే అన్నిటికీ తగ్గలేదు. మనుషుల దాకా ఎప్పుడొస్తుందో ఆ పరిశోధన చేసేవాళ్ళకే పతా లేదు. మనం బతికుండగా రాదేమో కూడా.”

“మరి నవ్వుతా సెప్పినావు.”

“నీ మొహం చూడలేక చెప్పాను! దిగులుతోనే పోతావేమోనని.”

“తల్లి మీద ఒట్టు, నాకు ఎలక మాట ఇనపడనేదు. కత్తెర మాటే ఇనపడింది.”

“ఎన్నాళ్ళయింది మానేసి?”

“పున్నం ఎల్లి మళ్ళీ పున్నం వచ్చింది.”

“అరే భగవాన్! ఆ మాత్రలే కదా ఆ పురుగుని పడుకోబెట్టేవి. ఇప్పుడు లేచి ఒళ్ళంతా పిల్లల్ని పెడుతుంటుంది.”

“ఒళ్ళు బాగానే ఉంది.”

“మొదట్లో అలాగే ఉంటుంది. వదినని చూసి బుద్ధి తెచ్చుకో. ఎనిమిదో నెల. వాంతులైనా మాత్ర మానలేదు. అందుకే బిడ్డకి అంటదని డాక్టరమ్మ అంత ధీమాగా ఉంది.”

“ఊఁ.”

“ఊఁ కాదు. పొద్దున్నే నాతో ఆస్పత్రికి రా. తిడతారు, పడు. రక్తం చూసి మళ్ళీ ఇస్తారు.”

“గంగమ్మకిచ్చింది మళ్ళీ అడక్కూడదు కదమ్మీ.”

“గంగమ్మని అడగొద్దులే, డాక్టరమ్మని నేనడుగుతాను. నీ డబ్బా ఇప్పిస్తాను.”

“రెండు ఇప్పించమ్మీ.”

“రెండెందుకు?”

“మొక్కు ఆలుమగలు కలిసే కదా తీర్చాల. నీ వదిన దాని డబ్బా దాని సేత్తోనే గంగమ్మకి ఒదిలేసింది.”