మెగ్గర్ తిప్పిన చెయ్యి

చెప్పు బుడాన్, ఆ రోజు నువ్వేం చూశావ్? జనరేటరుకి డయోడ్లు బిగించాక బ్యాటరీ పెట్టి చూశావు కదా, బల్బు ఒకవైపు వెలిగి తీగలు మార్చి పెడితే ఆగిందా లేదా? ఆరు డయోడ్లకీ అంతేనా? నోరు విప్పి చెప్పవయ్యా!

చెప్పవు. ఫ్యాను కాయిలు చుట్టుకుంటూ కూర్చుంటావు. చుట్ల లెక్క తప్పుతుందని మాట్లాడవో, నా మొహం చూడటం ఇష్టంలేక మాట్లాడవో! పెదకాకాని నుంచి బ్రాడీపేట దాకా ఈ ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చా, యాభై ఎనిమిదేళ్లవాణ్ణి. మీ అమ్మ మంచినీళ్లిచ్చింది. నువ్వు మాత్రం తల కూడా ఎత్తలేదు.

పోనీలే. చుట్టుకో. చుట్టుకుంటూనే విను.

ఆ మిలిటరీ జనరేటరుని వేలంలో పాడి మన పత్తి మిల్లుకి తెచ్చిన రోజే చెప్పా మేనేజరుగారికి. "అనంతపద్మనాభం గారూ, ఇంజను ఏనుగులా ఉంది, కాదనను. వెనక డైనమో చూడండి, దానికి కరెంటు అందించే బ్రష్షులే లేవు. ఇది పళ్లులేని నోరండీ, ఏం నములుతుంది?" అన్నా. ఆయన నవ్వారు. "నీకు కొత్తదంటే భయం మరియదాసూ" అన్నారు. పత్తి ఏరే ఆడవాళ్లు కూడా నవ్వారు.

భయమా? నాకా?

నువ్వు ఐటీఐలో బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నావు. నేను చీరాల దగ్గర ఓ మిల్లులో నేల ఊడ్చేవాణ్ణి. మా పేటవాళ్లని మెషీను తుడవనిచ్చేవాళ్లు, తిప్పనిచ్చేవాళ్లు కాదు. తుడుస్తూ తుడుస్తూ కళ్లతోనే నేర్చా. తీరా ఒకసారి తిప్పనిస్తే, వానకి తడిసిన మోటారుకి స్విచ్చి వేశా. వైండింగు భగ్గుమంది! మా మేస్త్రీ నా వీపు చీరేశాడు. "ఇంకోసారి మెగ్గర్ తిప్పకుండా స్విచ్చి మీద చెయ్యేశావంటే ఆ చెయ్యి ఉండదు" అన్నాడు.

అంతే. ముప్పై ఏళ్లుగా అన్నం ముందు ప్రార్థన ఎట్టాగో, మెషీను ముందు మెగ్గర్ అట్టాగ. పిడి తిప్పితే ఆ పెట్టె అయిదొందల వోల్టులు పుట్టించి తీగల్లోకి తోస్తుంది. లోపల తడి ఉంటే ముల్లు పడిపోతుంది. అబద్ధం చెప్పదది. మనుషులే చెప్తారు.

ఆ జనరేటరు ఇంజను బాగానే తిరిగేది. వోల్టులే లేచేవి కావు. నాలుగొందలు రావాల్సింది నూటయాభై దగ్గర మూలిగేది. నువ్వే కదా వెనక మూత విప్పి చూపించావు? "మేస్త్రీ గారూ, షాఫ్టు కొసన ఈ చక్రం ఉంది చూడండి. దీనిమీద ఆరు డయోడ్లు షాఫ్టుతో పాటే తిరుగుతాయి. బ్రష్షుల అవసరం లేకుండా చేసేవి ఇవే. కరెంటుని ఒకవైపుకే వదలాలి. రెండు చచ్చిపోయి అటూ ఇటూ వదిలేస్తున్నాయి" అన్నావు. ఎంత శుభ్రంగా చెప్పావు! నాకు అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడమే ఇష్టం లేకపోయింది.

మద్రాసు నుంచి కొత్తవి తెప్పించి మార్చావు. బల్బు పెట్టి చూసుకుని భోజనానికి వెళ్లావు. వచ్చి స్టార్టు చేస్తే మళ్లీ నూటయాభై. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే! అసలే సీజను, కరెంటు కోత, బయట ఆడవాళ్లంతా పనిలేక పత్తి బోరేల మీద కూర్చున్నారు. "ఏంటి మరియదాసూ ఇది?" అని మేనేజరుగారు నన్నడిగారు.

నేనేమన్నానో విన్నావుగా? "వాడికి బిగించడం రాదండీ. నట్లు ఇష్టమొచ్చినట్టు బిగించి డయోడ్లు చిట్లగొడుతున్నాడు" అన్నా. నిన్ను పంపించెయ్యమని అనలేదు. అనలేదయ్యా! అనాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు ఏ మిల్లుకి వెళ్లినా "డయోడ్లు తగలేసేవాడు వచ్చాడ్రా" అంటున్నారటగా. మీ అమ్మ చెప్పింది ఇందాక.

నిన్న నేనే బిగించా. పసిబిడ్డ చొక్కాకి గుండీలు పెట్టినంత మెత్తగా బిగించా. నీలాగే బల్బు పెట్టి చూశా. ఆరూ బాగున్నాయి. షెడ్డులోకి ఎవర్నీ రానివ్వలేదు. స్టార్టు చేశా.

నూటయాభై.

మూత విప్పి చూస్తే రెండు పోయాయి. అక్కడే నూనె మరకల్లో చతికిలబడ్డా బుడాన్. బల్బుకీ స్టార్టుకీ మధ్య ఎవరొచ్చారు? ఎవరూ రాలేదు. ఏం జరిగింది? మెగ్గర్ జరిగింది.

ఆ డయోడ్లు మూడొందల వోల్టులకి మించి ఓర్చవని డబ్బా మీద చదివి చెప్పింది నువ్వే. స్టార్టుకి ముందు అలవాటుగా నేను అయిదొందలు తోశా. వాటిని విప్పి పక్కన పెట్టి తిప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. అయినా నమ్మబుద్ధి కాలేదు. మంచిదొకటి ఊడదీసి, ఒంటరిగా పెట్టి మెగ్గర్ తిప్పా. తర్వాత బల్బు పెడితే అటూ వెలిగింది, ఇటూ వెలిగింది.

నువ్వు భోజనానికి వెళ్లిన ప్రతిసారీ తిప్పానయ్యా. నీ పని సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి! నీమీద నమ్మకం లేక!

నవ్వుతున్నావా? లేదూ? నవ్వినా పడతా.

పొద్దున చెప్పేద్దామనే మేనేజరుగారి గదికి వెళ్లా. ఆయన లేచి ఎదురొచ్చారు. "మొదట్లోనే నీ మాట వినాల్సింది. రేపు ఆ దరిద్రాన్ని పాతసామాను వాళ్లకి ఇచ్చేద్దాం" అంటూ కుర్చీ చూపించారు. కుర్చీ, బుడాన్! ఆ గదిలో ముప్పై ఏళ్లుగా గోడవార నిలబడ్డవాణ్ణి. కూర్చున్నా. చెప్పకుండానే లేచొచ్చా.

రేపు ఆ జనరేటరు బండెక్కిందంటే ఇక ఎవరూ విప్పి చూడరు. నీకొచ్చిన పేరు నీకుంటుంది, నాకొచ్చిన కుర్చీ నాకుంటుంది. వచ్చే దారిలో వెనక్కి పోదామని రెండుసార్లు సైకిలు దిగా కూడా. అబద్ధమెందుకు?

ఒక్కణ్ణే వెళ్లానంటే మళ్లీ కూర్చుంటా. నన్ను నేనెరుగుదును. నువ్వు పక్కన నిలబడి ఉంటే కూర్చోలేను. నీ అన్నం తీసినవాణ్ణి, నిజం చెప్పడానికి నీ తోడే అడుగుతున్నా, సిగ్గులేక. పొద్దున ఎనిమిదింటికి ఆయనొస్తారు, తొమ్మిదింటికి బండొస్తుంది.

నాతో వస్తావా బుడాన్?