దుప్పటి చాటు మే పూలు

"మామ్మగారూ, ఈ మధ్య పొద్దున్నే కిందికి రావట్లేదేంటండీ? ఒంట్లో బాగాలేదా?"

పానం మంచిగనే ఉంది బిడ్డా. గట్ల కూసో. ఆ కుర్చీ మీది బట్టలు పక్కకు వెట్టు. కిందికి వస్తలేనంటే... ఏం చెప్పాలె ఇగ. మోకాళ్ల నొప్పులని మొన్న మీ అమ్మకు చెప్పిన. అది అబద్ధం. నీకు గూడ అదే చెప్దామనుకున్న గని, నిన్ను చూస్తే నోరొస్తలేదు.

బాల్కనీల దుప్పటి ఆరేసి ఉంది చూడు. అది ఎప్పుడో ఆరింది. జర పక్కకు జరుపు... చూసినవా? మే పూలంటరు వాటిని. ఎర్రగ, గుండ్రంగ, పిలగాండ్లు ఆడుకునే బంతంత ఉంటయ్. ఎండలు మండుతున్నప్పుడు, ఆకు గూడ రాకముందే పువ్వొస్తది, ఏడాదికి ఒక్కపారి. గంత మంచి పూలను చాటుకు వెట్టుకున్న. ఎందుకంటె కిందికెల్లి చూస్తే కానొస్తయ్. చాలు, మల్ల కప్పెయ్.

మాది నార్సింగి గదా. అప్పుడు గీ కోకాపేటల ఇన్ని అంతస్తులెక్కడియి, జొన్న చేన్లు, కూరగాయల మళ్లు. టమాటలు రూపాయికి గంపెడు అమ్మినం... కాదు కాదు, రూపాయి గాదు, రెండు రూపాయలు. రూపాయంటె మా ఆయన పైకెల్లి కొట్లాటకొస్తడు. మా అత్త, ఆయన తల్లి, జాలారి కాడ ఈ పూల గడ్డలు వెట్టింది. తానం నీళ్లు పారే జాగ అది. చలికాలం రాంగనే మట్టితోని చిన్న కట్ట ఏసి నీళ్లు పక్కకు మలుపుతుండె. గడ్డ పండుకున్నది, లేపొద్దంటుండె. మా మీద లేని ప్రేమ, పావురం గడ్డల మీద ఉండె ఆమెకు! కోడండ్లను మాత్రం కోడి కూయకముందే లేపుతుండె.

మూడు నాలుగేండ్లైతే గడ్డలు గుంపైతయ్ బిడ్డా. తవ్వి పిల్లగడ్డలు విడదియ్యాలె, లేకపోతే ఆకులే తప్ప పువ్వు రాదు. మా వాడకట్టు ఆడోళ్లు వచ్చి ఒక్కొక్కటి తీస్కపోతుండ్రి. అడుగకపోతుండ్రి. అడిగి తెచ్చుకున్న గడ్డ పుయ్యదని మా దిక్కు నమ్మకం. మా అత్త అక్కడనే గిన్నెలు తోముకుంట ఉండేది, ఎవరన్న వంగితె మొకం అటు తిప్పుకునేది. చూసినట్టు తెలిస్తే వాళ్లకు ఇబ్బంది గదా. అది మర్యాద. ఊరంత ఆమె గడ్డలే, తెలుసా నీకు!

ఇగ ఇక్కడ, స్విమ్మింగ్ పూల్ పక్కన, గవే గడ్డలు. ఎవరు వెట్టిండ్రో ఏమో. పోయిన వానకాలం అన్ని ఆకులే. ఎండకాలం మొదలుకు చూస్తే ఒకదాని మీదొకటి ఎక్కి మట్టిలకెల్లి తలకాయలు బయటికి వెట్టినయ్. పానం కొట్టుకున్నది. ఎండకు కొంగు నెత్తి మీద కప్పుకొని, పుల్లతోని తవ్వి ఓ నాలుగు పిల్లగడ్డలు ఒళ్లె ఏసుకున్న. మిగిలినయి మంచిగ సర్ది మట్టి కప్పిన గూడ. యాదమ్మ, మన తోట పనిచేసే ఆమె, పైపుతోని నీళ్లు పడుతుండె. నన్ను చూసింది. చూసి, మొకం అటు తిప్పుకున్నది. అబ్బ, నాకెంత సంబురమైందో! మన దిక్కు మనిషే, తెలిసిన మనిషే అనుకున్న.

గని కెమెరాకు మొకం తిప్పుడు రాదు గదా బిడ్డా.

రెండో రోజే మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల కెమెరా ఫోటో వచ్చింది. నువ్వు గూడ చూసే ఉంటవ్. తోట పనోళ్లు గడ్డలు ఎత్తుకపోతుండ్రని రాసిండ్రట. ఆ గుమ్మడిపువ్వు రంగు చీర... నాదే. నా కొడుకు ఆఫీసుకెల్లి వచ్చి, "అమ్మా, ఇది నువ్వే గదా" అన్నడు. తల ఎత్తలేకపోయిన. వాడు మొన్ననే కమిటీల చేరిండు. "ఊకో, మొకం కనవడ్తలేదు, ఎవరికీ తెల్వదు" అన్నడు. నేను ఊకున్న. వాడు చెప్పిండని గాదు, నాకు గూడ అదే కావాలె అప్పుడు.

యాదమ్మను పిలిచి అడిగిండ్రట. ఎవరినీ చూడలేదన్నదట. చూడలేదంటె నువ్వే తీసినవని, తోట పని తీసేసి సెల్లార్ల ఊడ్వనీకి ఏసిండ్రు. పొగల, చీకట్ల. ఈ నెల చూసి వద్దంటరట ఇగ. ఆమె నా పేరు ఒక్క మాట చెప్తే అయిపోతుండె. చెప్పలే.

మొన్న లిఫ్టుల ఎదురైంది, చేతుల చీపురుంది. "బాగున్నవా అక్కా" అన్నది, ఎప్పటి లెక్కనే. నేను... నేను మొకం తిప్పుకున్న బిడ్డా. ఆమె తిప్పుకున్నది నా ఇజ్జత్ కాపాడెటందుకు. నేను తిప్పుకున్నది నా ఇజ్జత్ కోసమే. ఆ సిగ్గు తోనే కిందికి వస్తలేను. పూలేమో అడగకుండ తెచ్చినట్టే పూసినయ్, నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. మా అత్త బతికి ఉంటె ఇంట్లకు రానియ్యకపోతుండె నన్ను.

లేదు, ఏడుస్తలేను. ఆ తువ్వాల అందియ్యి.

ఇయ్యాల ఐతారం గదా, కింద క్లబ్ హౌస్‌ల కమిటీ మీటింగ్ నడుస్తుంది. కొడుకు అక్కడనే ఉన్నడు. నేను పోయి చెప్తే అందరి ముంగట వాని తల వంగుతది. నాకు తెలుసు. ఒక పూట వంగుతది, మల్ల లేస్తది. వాడు నా కొడుకు, నేను బువ్వ వెడ్తే తినకుండ ఉంటడా? యాదమ్మకు పని పోతే ఆమె పిల్లలకు బువ్వెవరు పెట్టాలె?

నా చెప్పులు ఆ తలుపు కాడున్నయ్, ఇటు జరుపు. నువ్వేం మాట్లాడకు బిడ్డా, నేనే చెప్త. లిఫ్టుల ఏ బటనో నాకు ఆగమైతది, నువ్వు నొక్కితె చాలు. క్లబ్ హౌస్‌కు గాదు, ముందుగాల సెల్లార్‌కు నొక్కు. ఫస్టు ఆమెకే చెప్పాలె, కండ్లల్ల చూసుకుంట. మల్ల అక్కా అని పిలుస్తదో, పిలువదో... పిలువకపోయినా ఏమనరాదు.

నీ కడుపు సల్లగుండ. చెయ్యి పట్టుకో జర...