సెకండ్ అంటే ఎవరు

మూడో రౌండ్ అయింది. బాక్సింగ్ రింగు మూలన స్టూలు మీద కూలబడ్డ చెల్లెలి వాచిన కన్ను మీద అక్క ఐస్ అదిమింది.

"ఆట ఆపించకే అక్కా, నీకు దణ్ణం పెడతా."

"ఇలా మూలన సాయముండే నన్ను సెకండ్ అని ఎందుకంటారో తెలుసా?"

"ఇప్పుడా పాఠాలు?"

"పూర్వం కత్తులు దూసుకునేవాళ్ళు తలా ఒక తోడుని తెచ్చుకునేవాళ్ళట. పోరాడేది మొదటివాడు. రెండోవాడే సెకండ్. ముందు రాజీ కుదర్చడం వాడి పని."

"నాకు రాజీ వద్దు. నీళ్ళు పట్టు, చాలు."

"మంచి కన్ను మూసుకో. ఇవి ఎన్ని వేళ్ళు?"

చెల్లెలు చెయ్యి చాచి ఆ వేళ్ళ కోసం గాలిలో తడిమింది.

"సెకండ్లు బయటికి!" రిఫరీ కేకేశాడు.

అక్క కదల్లేదు. ఓటమి ఒప్పుకుంటూ టవల్ రింగులోకి విసిరేసింది.

"జన్మలో నీతో మాట్లాడను!"

"మాట్లాడకపోతే మానె. రెండు కళ్ళతోనూ గుడ్లురిమి చూద్దువుగాని, ఆసుపత్రికి పద."