విజయోస్తు అంటే పందెం కట్టమనా?

గొంతు తగ్గించప్పా ఆదినారాయణా! వీధంతా వింటాండాది. నీ చీనీపండ్ల తోట పోయిందంటే నాకు మాత్రం బాధ ల్యాదా? దానికి నన్ను పట్టుకోని కడుగుతాండావేంది?

నేనేమంటి? నీ బామ్మర్ది సర్పంచికి నిలబడినాడని వేముల నుంచి పండ్లు తెస్తివి, కాళ్లకు మొక్కితివి. విజయోస్తు అంటి. మొక్కినోళ్లను పురోహితుడు ఇంకేమంటాడు? ఓడిపోదువు గాక అంటాడా? అది దీవెనప్పా! గెలుపు ఖాయమని చీటీ రాసిచ్చినానా?

ఆ, వానికి పోటీగా నిలబడిన పవన్‌కూ అదే అంటి. ఎందుకనను? వాడూ వంగినాడు. వంగిన వీపు ఏ పార్టీదో చూస్తామా ఎవరన్నా?

నువ్వు నేరుగా పోయి, "జనార్దనం స్వామి నోటిమాట! నమ్మకముంటే కట్టండిరా" అని తోట కడితివి. నమ్మకముంటే మనసులో పెట్టుకోని ఇంట్లో కూర్చోరాదా? మన పక్క అదొక తెగులు. టీ అంగడికాడ రేపు వానొస్తాదన్నా సరే, "కడతావా?" అంటారు. కట్టనోని మాటకు విలువే ల్యా. కట్టినోడేమో శానా తెలిసినోడు! పప్పులో ఉప్పు సరిపోయిందన్నా పందెమేనా ఇంక?

ఏందీ? నీ తోట పోయింది, నాకేం పోయిందంటావా?

ఇట్రా. ఇంకా దగ్గరికి రా. లోపల మా ఇంటామె అనసూయ ఉంది.

నువ్వు తోట కట్టినావని తెలిసినాక నాకు నిద్ర పట్టల్యా. బోరు వేయాలంటేనే పదిమందిని అడిగేటోడు, ఊరికే కడతాడా? నా నోట్లోనుంచి దేవుడే పలికినాడేమో అనుకుంటి. నా మాట మీద నాకు గురి కుదిరింది నీ తోటను చూసినాకేనప్పా!

ఈడ పులివెందులలో కడితే పరువు పోతాదని జమ్మలమడుగు దాకా బస్సెక్కి పోతి. ఆడ పందేలు పట్టేటోని చేతిలో అనసూయ గాజులు పెడితి. ఆమెకేమో ప్రొద్దుటూరులో పాలిష్‌కు ఇచ్చినానని చెప్తి. పొద్దున లేస్తే చాలు, "యాడికొచ్చె పాలిష్?" అంటాండాది. నేనేమో సంధ్యావందనం సాగదీస్తాండా.

నువ్వు నన్ను నమ్మి మునిగితివి, నేను నిన్ను నమ్మి మునిగితి. ఆ పవన్ ఒక్కడే ఎవర్నీ నమ్మల్యా. ఇంటింటికీ పోయి ఓట్లు అడుక్కున్యాడు, గెలిచినాడు.

సరే, పోయి రా. ఏయ్, వంగొద్దప్పా! కాళ్లకు మొక్కొద్దు. వంగినావంటే నా నోరు ఊరుకోదు, మళ్లీ విజయోస్తు అనేస్తాది.